సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ డీజిల్: 65 స్పీడు దగ్గర బండి వణుకుతోంది. గేర్‌బాక్స్ పోయినట్టేనా?

కొంపల్లి_డ్రైవర్, హైదరాబాద్

అందరికీ నమస్తే. సంక్రాంతికి ముందు ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్‌యూవీ తీసుకున్నాను. 2017 మోడల్, 6 స్పీడ్ ఆటోమేటిక్. ఏఎమ్‌టీ (మాన్యువల్ గేర్లనే మెషీన్ మార్చేది) కాదు, డీసీటీ (రెండు క్లచ్చులది) కాదు, టార్క్ కన్వర్టర్ ఉన్నదే. మీటర్ మీద 94 వేలు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే థ్రెడ్ మొత్తం "ఆ బండి ఎవరు కొనమన్నారు" దగ్గరే తిరుగుతుంది.

సమస్య ఇది. 60, 70 మధ్య స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టి వెళ్తుంటే నాలుగైదు సెకన్ల పాటు బండి గరగరమని వణుకుతుంది. టోల్ ప్లాజా ముందు రోడ్డు మీద ఉబ్బెత్తుగా తెల్ల గీతలు వేస్తారు కదా, అచ్చం వాటి మీద పోతున్నట్టే. మొదటిసారి వచ్చినప్పుడు నిజంగానే గీతలున్నాయేమోనని అద్దంలో వెనక్కి చూశాను. స్టీరింగ్‌లో కన్నా సీటు కింద ఎక్కువ తెలుస్తుంది. కాస్త గట్టిగా తొక్కితే పోతుంది, కాలు తీసేసినా పోతుంది. పొద్దున్నే బండి చల్లగా ఉంటే అసలు రాదు. మేడ్చల్ దాటి బాగా వేడెక్కాక మొదలవుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. చెక్ ఇంజిన్ లైట్ మాత్రం వెలగలేదు.

వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాను, ఏం తేడా లేదు. అమ్మిన డీలర్‌కి ఫోన్ చేస్తే "ఆటోమేటిక్ అంటే కొంచెం అలాగే ఉంటుంది సార్, అలవాటైపోతుంది" అన్నాడు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అడ్వైజర్ ఒక రౌండ్ కొట్టొచ్చి, గేర్‌బాక్స్ అసెంబ్లీ మొత్తం మార్చాలి, 2 లక్షల 80 వేలు, జీఎస్టీ వేరే అన్నాడు. ఏం టెస్ట్ చేశారంటే "ఎక్స్‌పీరియన్స్ సార్". ఇంట్లో నాన్న మాన్యువల్ కొనమన్న సంగతి పూటకోసారి గుర్తు చేస్తున్నారు.

ఇది నిజంగా గేర్‌బాక్సేనా? డబ్బు పెట్టకముందు తేల్చుకునే దారి ఏమైనా ఉందా?

డీజిల్_మోజు, వరంగల్

నాకైతే ఇంజెక్టర్, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది, అనిపిస్తోంది. మా అన్న బండికి ఇదే వణుకు వస్తే ఒక ఇంజెక్టర్ మార్చాక పోయింది. ముందు ఇంజిన్ చూపించండి, గేర్‌బాక్స్ జోలికి తర్వాత పోవచ్చు.

ఆటోనగర్_పానా, విజయవాడ

తమ్ముడూ, గేర్‌బాక్సులు విప్పడమే నాకు తిండి పెట్టే పని. అలాంటి నేనే విప్పొద్దని చెప్తున్నాను కాబట్టి నమ్మొచ్చు. నువ్వు రాసిన లక్షణాలు చదువుతుంటే నూటికి ఎనభై పాళ్ళు టార్క్ కన్వర్టర్ లాకప్ దగ్గరే తేడా ఉన్నట్టుంది. మిగతా ఇరవై పాళ్ళు ఎక్కడున్నాయో కూడా చెప్తాను.

టార్క్ కన్వర్టర్ అంటే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే గుండ్రటి డబ్బా. అందులో రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఉంటాయి, నిండా ఆయిల్ ఉంటుంది. ఇంజిన్ వైపు ఫ్యాను ఆయిల్‌ని విసిరితే, ఆ ఆయిల్ వెళ్ళి గేర్‌బాక్స్ వైపు ఫ్యానుని తిప్పుతుంది. మధ్యలో ఆయిలే ఉంది కాబట్టి ఎంతో కొంత జారుడు తప్పదు. ఆ జారుడంతా వేడి, డీజిల్ దండగ. అందుకని ఒక స్పీడు దాటాక లోపలి క్లచ్ ఒకటి రెండు వైపులనీ కలిపి పట్టేస్తుంది. దాన్నే లాకప్ అంటాం. ఇప్పటి బండ్లలో కుదుపు తెలియకుండా ఉండటానికి ఆ క్లచ్ ఒక్కసారిగా పట్టదు, కొద్దిగా జారిస్తూ పట్టుకుంటుంది. ఆ జారుడు నున్నగా సాగేలా చూసేది ఆయిల్‌లో కలిపిన ఫ్రిక్షన్ మాడిఫయర్. ఆయిల్ ముసలిదైతే ఆ మందు అయిపోతుంది. అప్పుడు క్లచ్ పట్టడం, వదలడం, మళ్ళీ పట్టడం, ఇలా సెకనుకి ఎన్నోసార్లు జరుగుతుంది. నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమనేది కూడా ఈ లెక్కనే. నీ సీటు కిందికి వస్తున్న వణుకు అదే.

తేలిగ్గా తొక్కినప్పుడే ఎందుకు? అప్పుడే లాకప్ సగం సగం పట్టు మీద ఉంటుంది. గట్టిగా తొక్కితే కంప్యూటర్ లాకప్ వదిలేస్తుంది, లేదా కింది గేరు వేస్తుంది. అందుకే పోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎందుకు రాదు? ఆయిల్ వేడెక్కేదాకా చాలా బండ్లలో లాకప్ సరిగ్గా వేయనే వేయదు.

ఇప్పుడు టెస్ట్. బండి అరగంట పైన నడిచి బాగా వేడెక్కాలి. ఖాళీ రోడ్డు కావాలి, వెనకాల బండి ఉండకూడదు, పక్కన ఒక మనిషి కూర్చుని ఆర్‌పీఎమ్ ముల్లు మీదే కన్ను పెట్టాలి. వణుకు మొదలవగానే కుడికాలు కదపకుండా ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ని ఊరికే తాకాలి. వెనక ఎర్ర లైటు వెలిగేంత చాలు, బండి ఆగేంత వద్దు. బ్రేక్ స్విచ్ సిగ్నల్ వెళ్ళగానే లాకప్ వదిలేస్తుంది. ఆ క్షణంలో ముల్లు ఒక 100, 200 పైకి లేచి వణుకు ఠక్కున ఆగిందంటే అనుమానం లాకప్ మీద. ఇక్కడొక మెలిక ఉంది. రెండు పెడల్స్ ఒకేసారి గట్టిగా తొక్కితే చాలా బండ్లు ఇంజిన్ పవర్ తగ్గించేస్తాయి. అప్పుడు వణుకు ఎందుకు ఆగిందో తెలియదు, టెస్ట్ చెడిపోతుంది. ఎడమకాలు అలవాటు లేనివాళ్ళకి బ్రేక్ గట్టిగా పడిపోతుంది కూడా, ముందు ఖాళీ గ్రౌండ్‌లో నెమ్మదిగా వెళ్తూ సాధన చెయ్యి.

బ్రేక్ తాకినా వణుకు అలాగే ఉంటే లాకప్ మీద అనుమానం వదిలేయొచ్చు. కాలు పూర్తిగా తీసేసినా అదే స్పీడులో వణుకుతుంటే టైర్లు, రిమ్ములు. నువ్వు తొక్కేకొద్దీ పెరుగుతూ బండి అటూ ఇటూ ఊగుతుంటే లోపలి వైపు యాక్సిల్ జాయింట్. సిగ్నల్ దగ్గర డి లో బ్రేక్ మీద ఆగినప్పుడు వణికితే ఇంజిన్ మౌంటింగ్, అంటే ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు. ఇవన్నీ గేర్‌బాక్స్‌కి బయటి విషయాలు. బయటివి వదిలేసి లోపలికి చెయ్యి పెట్టేవాడికి బండి ఇవ్వకు.

అసలు గేర్‌బాక్స్ పోతోందంటే గుర్తులు వేరుగా ఉంటాయి. గేరు మారేటప్పుడు ఆర్‌పీఎమ్ ఊరికే పైకి లేచి బండి లాగదు. డి లో వేశాక రెండు మూడు సెకన్లకి గాని కదలదు. రివర్స్ పట్టదు. ఇవేవీ నువ్వు రాయలేదు. ఒక రౌండ్ కొట్టొచ్చి అసెంబ్లీ మార్చాలన్నాయనకి గేర్‌బాక్స్ తెలియదో, లేక ఆ నెల టార్గెట్ బాగా తెలుసో మరి.

డాలస్_తెలుగోడు

పైన అన్న చెప్పిన బ్రేక్ టెస్ట్ మంచిదే గానీ ఒక్కటి కలుపుతాను. ఇంజిన్ ఒక సిలిండర్‌లో సరిగ్గా మండకపోయినా, లాకప్ పట్టి ఉన్నప్పుడు ఆ కుదుపు నేరుగా చక్రాల దాకా వస్తుంది. లాకప్ వదిలేస్తే మధ్యలోని ఆయిల్ ఆ కుదుపుని మింగేస్తుంది. అంటే డీజిల్_మోజు గారు చెప్పిన ఇంజెక్టర్ సమస్య కూడా బ్రేక్ తాకగానే మాయమైనట్టు కనిపించొచ్చు. ఒక్క బ్రేక్ టెస్ట్‌తో తీర్పు చెప్పకండి.

తేల్చేది బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్. ఈఎల్ఎమ్ 327 అనే చౌక బ్లూటూత్ స్కానర్ ముక్క ఇంజిన్ కోడ్‌లు చదువుతుంది గానీ చాలా బండ్లలో గేర్‌బాక్స్ డేటా దాకా పోదు. గేర్‌బాక్స్ మాడ్యూల్‌ని చదివే మంచి స్కానర్ ఉన్న గరాజ్‌కి వెళ్ళండి. లైవ్ డేటాలో రెండు అంకెలు పక్కపక్కన పెట్టమనండి: ఇంజిన్ ఆర్‌పీఎమ్, టర్బైన్ (గేర్‌బాక్స్ వైపు ఫ్యాను) లేదా ఇన్‌పుట్ షాఫ్ట్ ఆర్‌పీఎమ్. వాటి తేడాయే స్లిప్. కొన్ని స్కానర్లు నేరుగా టీసీసీ (టార్క్ కన్వర్టర్ క్లచ్) స్లిప్ అనే చూపిస్తాయి. వణుకు వచ్చినప్పుడు ఆ తేడా కిందికీ పైకీ గంతులేస్తుంటే దొంగ లాకప్ క్లచ్చే. తేడా సున్నా దగ్గరే బుద్ధిగా కూర్చుని బండి మాత్రం వణుకుతుంటే దొంగ ఇంజిన్‌లో ఉన్నాడు. అప్పుడు ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు, అంటే ఒక్కో ఇంజెక్టర్‌కి కంప్యూటర్ ఎంత డీజిల్ సర్దుతోందో, చూడాలి, ఒకటి మిగతావాటికి దూరంగా ఉంటే అక్కడ పట్టుకోవాలి.

లైట్ వెలగలేదు కాబట్టి కోడ్ ఉండదు అనుకోవద్దు. లైట్ వెలిగేదాకా పోని పెండింగ్ కోడ్‌లు ఉండొచ్చు. పి0741 లాకప్ క్లచ్ పనితీరుది, పి0300 నుంచి వచ్చే వరస మిస్‌ఫైర్‌ది, అంటే సిలిండర్ సరిగ్గా మండకపోవడం.

ఇక్కడ అమెరికాలో ఈ వణుకుకి పెద్ద చరిత్రే ఉంది. జీఎం 8 స్పీడ్ గేర్‌బాక్సులు, 8ఎల్90, 8ఎల్45, 2015 నుంచి వచ్చిన బండ్లలో సరిగ్గా ఇదే ఫిర్యాదు. కోర్టు కేసుల దాకా వెళ్ళింది. ఆయిల్ తేమ పీల్చుకోవడం దగ్గర తేడా కనిపెట్టి, పాత ఆయిల్ మొత్తం తీసి వేరే రకం, మొబిల్ 1 ఎల్‌వీ ఏటీఎఫ్ హెచ్‌పీ, పోయమని కంపెనీయే డీలర్లకి బులెటిన్ ఇచ్చింది. కొన్ని బండ్లకి ఆయిల్‌తోనే సర్దుకుంది. మీ బండి వేరు, ఆయిల్ వేరు, ఆ ఆయిల్ కొనుక్కుని పోయకండి. గేర్‌బాక్స్ మార్చేముందు ఆయిల్ మార్చి చూడటం సామాన్యుడి చిట్కా కాదు, కంపెనీలే చేసే పని అని చెప్పడానికి రాశాను.

కొంపల్లి_డ్రైవర్

అన్నా, డాలస్ బ్రదర్, ఇద్దరికీ థాంక్స్. ఆదివారం పొద్దున్నే మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీదకి వెళ్ళాను. అరగంట తిరిగాక వణుకు వచ్చింది. బ్రేక్ తాకాను. ముల్లు 1500 దగ్గర నుంచి 1700 దాకా లేచిందని వాడు అరిచాడు, వణుకు ఆ క్షణమే బంద్. బ్రేక్ మీంచి కాలు తీసిన రెండు మూడు సెకన్లకి మళ్ళీ మొదలు. ఎన్నిసార్లు చేసినా అదే. మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు కిందికి వేసి అదే 65 స్పీడులో వెళ్తే లేదు.

బాలానగర్‌లో ఒక గరాజ్ వాళ్ళ దగ్గర స్కానర్ ఉంటే వాళ్ళ కుర్రాడిని ఎక్కించుకుని చూశాం. మామూలుగా వెళ్తున్నప్పుడు స్లిప్ 10, 20 మధ్య ఉంది. వణుకు వచ్చినప్పుడు 0, 70, 15, 90 అని పిచ్చిగా ఎగిరింది. ఇంజెక్టర్ కరెక్షన్లు నాలుగూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. కోడ్‌లు లేవు.

కంపెనీ సర్వీస్ హిస్టరీ తీయించాను. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడా లేదు. అడిగితే "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చకూడదు, పాత బండికి మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది" అన్నారు. ఇది నిజమా? టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్_పానా

లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్? వారంటీ లైఫా, నీ లైఫా? జర్మనీ జడ్ఎఫ్ వాళ్ళు బీఎండబ్ల్యూ లాంటి బండ్లకి గేర్‌బాక్సులు చేసి ఇస్తారు. బండి అమ్మేవాడు లైఫ్‌టైమ్ అంటాడు, పెట్టె తయారుచేసిన జడ్ఎఫ్ వాడేమో 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకి మార్చమంటాడు. నేనైతే పెట్టె చేసినవాడి మాటే వింటాను. మన ఎండల్లో, మన ట్రాఫిక్‌లో ఇంకా ముందే.

"మారిస్తే పోతుంది" అనే మాట ఎక్కడ పుట్టిందో చెప్తాను. జనం గేరు జారడం మొదలయ్యాకే ఆయిల్ గుర్తు తెచ్చుకుంటారు. అప్పటికే క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. ఆయిల్ మార్చిన నెలకి బండి ఆగిపోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. నీ బండి జారట్లేదు, వణుకుతోంది. తేడా ఉంది.

చేయాల్సింది డ్రెయిన్ అండ్ ఫిల్, అంటే పాతది కిందికి కారనిచ్చి కొత్తది పోయడం. మెషీన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేస్తామంటే, ఇన్నేళ్ళు ఆయిల్ ముట్టుకోని బండికి నేను ఒప్పుకోను. లోపల అడుగున కూర్చున్న మురికి లేచి వాల్వ్ బాడీ (ఆయిల్‌ని గేర్ల క్లచ్చులకి పంచే భాగం) సన్న దారుల్లో ఇరుక్కుంటే కొత్త గొడవ. కొందరు ఫ్లష్ బాగుంటుందంటారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. నా షెడ్డులో మాత్రం చేయను.

కింద ప్లగ్ విప్పితే ఆయిల్ సగానికి అటూ ఇటూగా వస్తుంది. మిగతాది కన్వర్టర్‌లోనూ, కూలర్‌లోనూ ఉండిపోతుంది. అందుకే ఒకసారి మార్చి, ఓ రెండు మూడు వందల కిలోమీటర్లు తిప్పి మళ్ళీ, ఇంకోసారి మళ్ళీ. లెక్కకి మొదటిసారి సగం కొత్తది, రెండోసారికి ముప్పావు, మూడోసారికి 87 శాతం దాకా. పూర్తిగా ఎప్పటికీ కాదు, అంత అక్కర్లేదు కూడా.

మొదటి డ్రెయిన్‌కి నువ్వు పక్కనే నిలబడు. ప్లగ్ చివర అయస్కాంతం ఉంటే దాన్ని వేలితో తుడిచి చూడు. బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుంటే మామూలే, ఇన్ని కిలోమీటర్లకి ఆ మాత్రం ఉంటుంది. గోరుకి గుచ్చుకునే ముక్కలు, మెరిసే పెచ్చులు కనిపిస్తే పని ఆపి నాకు రాయి. ఒక చుక్క తెల్ల టిష్యూ మీద వేసి వాసన చూడు. కొత్త ఆయిల్ చాలావరకు ఎర్రగా ఉంటుంది, వాడిన కొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. రంగు ఒక్కటే చూసి భయపడకు. మాడిన వాసన ఉంటేనే భయం.

ఆయిల్ ఏది అనేది అన్నిటికన్నా ముఖ్యం. మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాసి ఉందో అదే. హ్యుందాయ్, కియా తీసుకో, పాత 4 స్పీడుకి ఎస్‌పీ 3, 6 స్పీడుకి ఎస్‌పీ 4. రెండూ ఎర్రగానే ఉంటాయి, షాపువాడు "అన్నీ ఒకటే సార్" అంటాడు. కాదు. సీవీటీ (గేర్లకి బదులు బెల్టు ఉండే ఆటోమేటిక్) ఆయిల్ అయితే ఇంకా వేరే. డబ్బా సీలు నీ ముందే తీయమను. ఖాళీ డబ్బాలు ఇంటికి తెచ్చుకో, లేదా కనీసం ఫొటో తీసుకో.

లెవెల్ చూసేది ఇంజిన్ ఆన్‌లో ఉండగా, చదునైన చోట, పి నుంచి డి దాకా లీవర్ అన్ని స్థానాల్లో ఒకసారి తిప్పాక, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి వచ్చాక. చాలా బండ్లకి ఇప్పుడు డిప్‌స్టిక్ లేదు, లెవెల్ ప్లగ్గే. విప్పితే సన్న ధారగా కారి చుక్కలకి తగ్గాలి. "ఎంత తీశామో అంత పోశాం" అనేవాడు, అంతకుముందు లెవెల్ సరిగ్గా ఉందని ఎలా అనుకున్నాడో అడుగు. చివర్లో స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్, అంటే కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు చెరపడం, చేయించు. పాత ఆయిల్ అలవాట్లు కంప్యూటర్‌లో ఉండిపోతాయి.

డాలస్_తెలుగోడు

మందు గురించి ఎవరైనా అడిగేలోపే చెప్తాను. ల్యూబ్‌గార్డ్ వాళ్ళ ఇన్‌స్టంట్ షడ్డర్ ఫిక్స్ అని ఇక్కడ చిన్న ట్యూబ్ దొరుకుతుంది, ఫ్రిక్షన్ మాడిఫయరే. నేను దాన్ని పరీక్ష కిందే చూస్తాను. పోశాక వణుకు తగ్గితే లాకప్ అని రుజువు, అంతే. కుళ్ళిన ఆయిల్‌లో మందు కలిపి ఏళ్ళ తరబడి నడపడం నాకు నచ్చదు. మీకు స్కానర్‌లోనే రుజువైంది కాబట్టి అక్కర్లేదు.

కొత్తగా_కొనేవాడు, రాజమండ్రి

అన్నగారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను కూడా సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ చూస్తున్నాను. కొనకముందే దీన్ని పట్టుకోవడం ఎలా?

ఆటోనగర్_పానా

డీలర్ ఇచ్చే రెండు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌లో ఇది దొరకదు బాబూ. ఆయిల్ వేడెక్కదు, స్పీడు 60 దాటదు. ముప్పావు గంట నడపనిస్తేనే కొంటానని చెప్పు. బాగా వేడెక్కాక కొంచెం ఎత్తు ఎక్కే రోడ్డు మీద 50 నుంచి 80 దాకా నెమ్మదిగా, గుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కుతూ వెళ్ళు. పాటలు ఆపెయ్, ఏసీ ఫ్యాన్ తగ్గించు. వణుకు కదిలేటప్పుడు, మొదటి గేరులోనే వస్తే అది వేరే కథ, అక్కడ లాకప్ ఉండదు. అమెరికాలో ఫోర్డ్ ఫోకస్, ఫియెస్టాలకి పేరు చెడగొట్టిన పవర్‌షిఫ్ట్ వణుకు ఆ రకం, అందులో ఉన్నవి ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్చులు. ముందు నువ్వు చూసే బండిలో ఏ రకం ఆటోమేటిక్ ఉందో తెలుసుకుని వెళ్ళు.

కొంపల్లి_డ్రైవర్

అప్‌డేట్. మూడు డ్రెయిన్లూ అయ్యాయి. మొదటిసారి వచ్చిన ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, మాడిన వాసన లేదు. అయస్కాంతం మీద బూడిద పేస్టు, ముక్కలు లేవు. మొదటి మార్పుకే సగం తగ్గింది. ఇప్పుడు మామూలు రోడ్డు మీద లేదు. నిండా మనుషులతో లాంగ్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు, ఎత్తు ఎక్కుతుంటే ఒక్క క్షణం సన్నగా వచ్చి పోతోంది. ఆయిల్, లేబర్, రీసెట్ అన్నీ కలిపి 20 వేల లోపే. నాన్న ఇంకా మాన్యువల్ మాట ఎత్తుతూనే ఉన్నారు, అది వేరే సంగతి.

ఆ మిగిలిన కాస్త వణుకు కూడా పోవాలంటే ఏం చేయాలి? డీలర్ ఇచ్చిన ఆరు నెలల వారంటీ ఇంకా ఉంది, పేపర్‌లో "ట్రాన్స్‌మిషన్ లోపలి భాగాలు" అని రాసి ఉంది.

ఆటోనగర్_పానా

లాకప్ క్లచ్ లైనింగ్ (పట్టుకునే పై పొర) కొంత గాజులా మెరుగెక్కి ఉంటుంది. దాన్ని ఆయిల్ వెనక్కి తేలేదు. ఇలాగే ఉంటే నడుపుకో, పెరిగితే మాత్రం వదలకు, రాలిన లైనింగ్ పొడి వాల్వ్ బాడీలోకి పోతుంది. అప్పుడు కూడా మార్చాల్సింది కన్వర్టర్ ఒక్కటే, గేర్‌బాక్స్ అసెంబ్లీ కాదు. కన్వర్టర్‌ని లేత్ మీద కోసి, లైనింగ్ వేసి, వెల్డింగ్ చేసి, బ్యాలెన్స్ చేసి ఇచ్చేవాళ్ళున్నారు. బ్యాలెన్స్ మెషీన్ లేనివాడి దగ్గర మాత్రం చేయించకు. పెట్టె దించినప్పుడు కూలర్ లైన్లు కడిగించడం మర్చిపోవద్దు.

వారంటీ సంగతి ఈ వారమే చూడు. ఫోన్‌లో కాదు, మెయిల్ పెట్టు. వణుకు ఏ స్పీడులో వస్తోంది, స్కానర్‌లో స్లిప్ ఎంత ఎగిరింది, ఆయిల్ మార్చిన బిల్లు, అన్నీ జత చేసి, టార్క్ కన్వర్టర్ మీ వారంటీ కిందికి వస్తుందా రాదా రాతపూర్వకంగా చెప్పమను. స్కానర్ స్క్రీన్ ఫొటో బాలానగర్ కుర్రాడి దగ్గర ఉంటే అది కూడా తెప్పించుకో, కొన్నాళ్ళకి డిలీట్ చేసేస్తారు.

కొంపల్లి_డ్రైవర్

ఫొటో కాదన్నా, వీడియోనే ఉంది, మా బావమరిది తీశాడు. మెయిల్ రేపే పెడతాను. వాళ్ళేమంటారో ఇక్కడే రాస్తాను.